పాత మిడ్‌సైజ్ పికప్ కొంటున్నారా? ఖాళీ బెడ్‌తో ఎలా నడుస్తుందో ముందు చూడండి

అమెరికాలో సెకండ్‌హ్యాండ్ పికప్ వెతకడం మొదలుపెట్టిన వాళ్లంతా ముందు చూసేది అది ఎన్ని పౌండ్లు లాగుతుందనే. రోజూ ఆఫీసుకీ, పిల్లల స్కూలుకీ, కాస్ట్‌కోకీ తిరిగే బండికి ఆ లెక్కతో పని పడేది ఏడాదికి నాలుగైదు సార్లు. మిగతా రోజులన్నీ బెడ్ (వెనక సామాన్లు వేసుకునే తొట్టి) ఖాళీయే. ఆ ఖాళీ బెడ్‌తో హైవే మీద ఎలా పోతుంది, వెనక సీట్లో ఎవరు పడతారు, గరాజ్ తలుపు మూసుకుంటుందా, రాబోయే ఐదేళ్లలో ఏ భాగం ఖర్చు పెట్టిస్తుంది అన్నవి చూసుకుని కొంటే తర్వాత తల పట్టుకోవాల్సిన పని ఉండదు.

మార్కెట్లో ఎక్కువగా దొరికేవి ఐదు: టయోటా టకోమా, హోండా రిడ్జ్‌లైన్, షెవ్రోలే కొలరాడో, నిస్సాన్ ఫ్రాంటియర్, ఫోర్డ్ రేంజర్. జీఎంసీ క్యానియన్ అంటే వేరే ముఖం పెట్టుకున్న కొలరాడోయే, కాబట్టి దాన్ని విడిగా చెప్పడం లేదు. జీప్ గ్లాడియేటర్‌ని వదిలేశాం. పైకప్పు, తలుపులు ఊడదీసి తిరిగే సరదా ఉన్నవాళ్లు ఎలాగూ ఇంకో బండి వైపు చూడరు. ఆ సరదా లేనివాళ్లు 70 మైళ్ల వేగంలో ఆ గాలి మోతను రోజూ భరించలేరు.

టేపు పట్టుకుని మొదలుపెట్టండి

సబర్బ్ ఇళ్లలో రెండు కార్ల గరాజ్ లోతు మామూలుగా 20 అడుగులు, అంటే 240 అంగుళాలు. అందులో వాటర్ హీటర్, ఇంట్లోకి ఎక్కే మెట్టు, గోడకి బిగించిన అల్మారాలు ఒకటి రెండు అడుగులు తినేస్తాయి. నాలుగు తలుపుల టకోమా 5 అడుగుల బెడ్‌తో 212 అంగుళాలు, 6 అడుగుల బెడ్‌తో 225 అంగుళాలు. కొలరాడో కూడా దాదాపు ఇంతే. 225 అంగుళాల బండి చాలా గరాజ్‌లలో పట్టదు, పట్టినా ముందు నుంచి మనిషి నడిచే దారి మిగలదు. రిడ్జ్‌లైన్ పొడవు 210 అంగుళాలే గానీ వెడల్పు 78 అంగుళాల పైమాట. పక్కన ఇంకో కారు ఉంటే తలుపు ఎంతవరకు తెరుచుకుంటుందో చూసుకోవాలి. 2021 వరకు వచ్చిన పాత ఫ్రాంటియర్ పొట్టి బెడ్‌తో 205 అంగుళాలు, ఐదింటిలో చిన్నది అదే.

తర్వాత వెనక సీటు. కాళ్లకు చోటు రిడ్జ్‌లైన్‌లో 36.7 అంగుళాలు, కొలరాడోలో 35.8, రేంజర్‌లో 34.5, ఫ్రాంటియర్‌లో సుమారు 33, టకోమాలో 32.6. కాగితం మీద నాలుగు అంగుళాల తేడా చిన్నదిగానే కనిపిస్తుంది. పసిపిల్లల సీటు వెనక్కి తిప్పి బిగించే వయసు పిల్లలుంటే మాత్రం టకోమాలో ముందు సీటు డ్యాష్‌బోర్డుకి ఆనేంతగా జరపాల్సి వస్తుంది. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఆరు నెలలుండే ఇళ్లలో ఇంకో సంగతి కూడా చూడాలి. ఫ్రేమ్ మీద కట్టిన ఫోర్ వీల్ డ్రైవ్ ట్రక్కుల్లో నేల ఎత్తు ఎక్కువ, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు పక్కమెట్టు లేకుండా ఎక్కలేరు. రిడ్జ్‌లైన్‌లో అడుగు తక్కువ ఎత్తులో ఉంటుంది. కాబట్టి టెస్ట్ డ్రైవ్‌కి మీరొక్కరే వెళ్లకండి, ఎక్కి దిగాల్సిన వాళ్లందర్నీ తీసుకెళ్లండి. చిన్న వెనక తలుపులుండే యాక్సెస్ క్యాబ్, కింగ్ క్యాబ్ లాంటివి కుటుంబానికి పనికిరావు, ధర ఎంత తగ్గించినా సరే.

బెడ్ పొడవు గురించి అందరూ అడుగుతారు, చక్రాల గూళ్ల మధ్య వెడల్పు గురించి ఎవరూ అడగరు. 4 అడుగుల వెడల్పు ప్లైవుడ్ లేదా డ్రైవాల్ షీటు నేలమీద చదునుగా పడుకోవాలంటే 48 అంగుళాలు కావాలి. రిడ్జ్‌లైన్‌లో 50 ఉన్నాయి. రేంజర్, ఫ్రాంటియర్, కొలరాడోల్లో 44 నుంచి 45 మధ్య, టకోమాలో 41.5. ఈ నాలుగింటిలో షీట్లు గూళ్ల మీదే ఆనాలి, కింద అడ్డకర్రలు పెట్టుకోవాలి.

బరువు విషయం చాలామంది తప్పుగా లెక్కేస్తారు. ఎంత లాగుతుందన్నది వేరు, ఎంత మోస్తుందన్నది వేరు. మోసే బరువు డ్రైవర్ తలుపు తీయగానే స్తంభానికి అంటించిన పసుపు స్టిక్కర్ మీద ఉంటుంది. మనుషులు, సామాన్లు కలిపి అందులో రాసినదాన్ని మించకూడదు. ఫోర్ వీల్ డ్రైవ్ టకోమాల్లో ఎక్కువ సామగ్రి ఉన్నవాటికి ఇది 1,100 పౌండ్ల చుట్టుపక్కలే ఉంటుంది. రిడ్జ్‌లైన్‌కి 1,500 దాకా. పెరట్లో గోంగూర, సొరపాదు పెట్టడానికి మట్టి తెచ్చుకుంటారనుకోండి. ఒక క్యూబిక్ గజం మట్టి 2,000 పౌండ్లు దాటుతుంది. మట్టి అమ్మేచోట లోడర్ ఒక్క బొచ్చె కుమ్మరిస్తే చాలు, ఈ ఐదింటిలో ఏ బండి స్ప్రింగులైనా వెనక చతికిలబడతాయి. అర గజం చొప్పున రెండు ట్రిప్పులు వేయాలి. టకోమాకైతే ఆ అర గజం, డ్రైవరు కలిస్తేనే స్టిక్కర్ నిండిపోతుంది. మల్చ్ (మొక్కల మొదళ్లలో పరిచే చెక్కపొట్టు) తేలిక, గజానికి 400 నుంచి 800 పౌండ్లు, తడిసిందాన్ని బట్టి.

టకోమా: ముందు ఫ్రేమ్, తర్వాతే మిగతావి

టకోమాకి ఉన్న పేరు ఊరికే రాలేదు. ఇంజన్లు రెండు లక్షల మైళ్లు దాటి నడుస్తాయి, మళ్లీ అమ్మితే మంచి ధర వస్తుంది. కొనేవాళ్లకి కష్టం కూడా అక్కడే ఉంది. రెండు మూడేళ్ల పాత టకోమా ధరకి, కొత్తదాని ధరకి మధ్య తేడా చాలాసార్లు అంత తక్కువగా ఉంటుంది కాబట్టి పాతది కొనడంలో అర్థం ఉండదు. ఐదారేళ్లు దాటినవాటి దగ్గరే బేరం కుదురుతుంది.

2005 నుంచి 2015 వరకు వచ్చిన రెండో తరంలో 4.0 లీటర్ల వీ6 (ఆరు సిలిండర్ల ఇంజన్), 236 హార్స్‌పవర్, 5 గేర్ల ఆటోమేటిక్. ఇంజన్ మొండిది. ఫ్రేమ్ కథ వేరు. 2005–2010 టకోమాల ఫ్రేములకి తుప్పు నివారణ పూత సరిగా లేదన్న దావా ఒప్పందంతో ముగిసింది, దాని కింద తుప్పుపట్టిన ఫ్రేములను మార్చి ఇచ్చారు. ఆ కవరేజీ బండి మొదట అమ్ముడైన రోజు నుంచి 12 ఏళ్లు, అంటే ఇప్పుడు గడువు తీరిపోయింది. మిషిగన్, ఒహాయో, పెన్సిల్వేనియా, న్యూయార్క్ లాంటి చోట్ల చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్లు పెట్టెలాగా మూసి ఉన్న ఫ్రేమ్ లోపలికి చేరి, బురదతో కంతలు మూసుకుపోతే, తుప్పు లోపలి నుంచి బయటికి తింటుంది. పైకి రంగు బాగానే కనిపిస్తుంది.

చూసే పద్ధతి ఇది. ఒక చిన్న సుత్తి, టార్చ్ తీసుకుని కిందికి దూరండి. వెనక ఆకు స్ప్రింగులు ఫ్రేమ్‌కి తగిలే బ్రాకెట్ల దగ్గర, స్పేర్ టైరు పైన ఉండే అడ్డదూలం దగ్గర, క్యాబిన్ చివర కింద రెండు వైపులా మెల్లగా తట్టుకుంటూ పోండి. మంచి ఇనుము ఖంగుమంటుంది. తిన్న ఇనుము మొద్దుగా పలుకుతుంది, పెచ్చులు రాలతాయి. వేలు పట్టే కంతల్లోంచి ఫోన్ కెమెరా లోపలికి పెట్టి ఫొటో తీయండి. అమ్మేముందు కొత్తగా నల్లటి పూత కొట్టించిన ఫ్రేమ్ కనిపిస్తే మురిసిపోకండి, ఆ పూత కింద ఏముందో సుత్తికే తెలుస్తుంది. ఫ్రేమ్ మార్పించానని ఓనరు చెబితే కాగితం అడగండి. నిజంగా మార్చి ఉంటే ఆ బండి మంచి బేరమే. ఇదే తరంలో వెనక ఆకు స్ప్రింగులు విరుగుతున్నాయని 2005–2011 బండ్లకి రీకాల్ (లోపాన్ని ఉచితంగా బాగుచేస్తామని కంపెనీ ఇచ్చే పిలుపు) కూడా ఉంది.

2016 నుంచి 2023 వరకు వచ్చిన మూడో తరంలో 3.5 లీటర్ల వీ6, 278 హార్స్‌పవర్, 6 గేర్లు. అంకె పెద్దదే గానీ ఈ ఇంజన్ బలం పైన ఆర్‌పీఎంలలో (ఇంజన్ వేగంగా తిరిగినప్పుడు) ఉంది. హైవే మీద చిన్న ఎత్తు వస్తే చాలు, గేర్‌బాక్స్ ఆరు నుంచి ఐదుకి, ఐదు నుంచి నాలుగుకి దిగుతుంది, మళ్లీ ఎక్కుతుంది. డాలస్ లాంటి చదును ఊళ్లలో పెద్దగా తెలియదు, అట్లాంటా, పిట్స్‌బర్గ్ వైపు గుట్టల రోడ్ల మీద చిరాకు పెడుతుంది. డ్యాష్ మీద ఈసీటీ పవర్ బటన్ నొక్కితే కొంత తగ్గుతుంది. ఇది లోపం కాదు, బండి తీరే అంత. అలవాటు పడలేమనిపిస్తే మెకానిక్ చుట్టూ తిరగడం దండగ, వేరే బండి చూసుకోవాలి.

మూడో తరంలో సంవత్సరం చూసి కొనండి. 2016, 2017 బండ్లలో వెనక డిఫరెన్షియల్ (రెండు చక్రాలకీ బలం పంచే గేర్ల పెట్టె) ఆయిల్ కారుతుందని రీకాల్ వచ్చింది, చేయించారో లేదో చూడాలి. 2018 నుంచి ఎదురుగా ప్రమాదం ఉంటే తనంతట తనే బ్రేకు వేసే వ్యవస్థ అన్ని బండ్లలోనూ ఉంది. డ్రైవర్ సీటు ఎత్తు మార్చుకునే పవర్ సీటు, ఆపిల్ కార్‌ప్లే, ఆండ్రాయిడ్ ఆటో 2020లోనే వచ్చాయి. అంతకుముందు టకోమాల్లో సీటు నేలకి దగ్గరగా ఉండి కాళ్లు ముందుకి చాపి కూర్చోవాలి. పొడుగువాళ్లకి అరగంటలో నడుం పట్టేస్తుంది. రోజూ గంటన్నర ప్రయాణం ఉన్నవాళ్లు 2020 తర్వాతవే చూడాలి. 2.7 లీటర్ల నాలుగు సిలిండర్ల టకోమా చవగ్గా దొరుకుతుంది. 159 హార్స్‌పవర్‌తో హైవేలోకి కలవడమే కష్టం, మైలేజీ లాభం కూడా నామమాత్రం. దాన్ని వదిలేయండి.

రిడ్జ్‌లైన్: ట్రక్కు కాదని వెక్కిరించేవాళ్లు ఎక్కువ, ఒకసారి నడిపాక మానేవాళ్లూ ఎక్కువే

ఇది విడి ఫ్రేమ్ లేని బండి, వెనక ఇండిపెండెంట్ సస్పెన్షన్. ఖాళీ బెడ్‌తో గతుకుల రోడ్డు మీద మిగతా నాలుగూ వెనక ఎగిరెగిరి పడుతుంటే ఇది కారులాగే పోతుంది. రోజువారీ వాడకానికి ఇంతకంటే పెద్ద లాభం ఇంకోటి లేదు. ఆల్ వీల్ డ్రైవ్ (అవసరాన్ని బట్టి నాలుగు చక్రాలకీ తనే బలం పంచేది) ఉన్నది 5,000 పౌండ్లు లాగుతుంది, ముందు చక్రాలే తిరిగేది 3,500. 2021 నుంచి అన్నీ ఆల్ వీల్ డ్రైవే. బెడ్ నేల కింద 7.3 ఘనపుటడుగుల తాళం వేసుకునే డిక్కీ ఉంది, వానలో కిరాణా సంచులు తడవవు. చిక్కు ఒక్కటే. స్పేర్ టైరు కూడా ఆ కిందే ఉంటుంది. బెడ్ నిండా మట్టి వేసుకుని వస్తుంటే దారిలో టైరు పంక్చరైందంటే, ముందు మట్టి దింపాలి.

2017–2019లో 6 గేర్లు, 2020 నుంచి 9 గేర్లు. 6 గేర్లదే సాఫీగా ఉంటుందనేవాళ్లు చాలామంది. కానీ భద్రతా వ్యవస్థలు 2020 నుంచే అన్ని ట్రిమ్ములకీ (ఒకే మోడల్లో ధరను బట్టి ఉండే రకాలకి) వచ్చాయి, 2019 వరకు పై ట్రిమ్ముల్లోనే ఉండేవి. 2017–2019 బండ్లకి ఇంధన పంపు దగ్గర పైపు కలిసే భాగం పగులుతుందని రీకాల్ ఉంది. కార్‌వాష్‌లో వాడే ఆమ్లం ఉన్న సబ్బునీళ్లు దానికి కారణం. వెనక సీటు దగ్గర పెట్రోలు వాసన వస్తే ఆ బండిని అక్కడే వదిలేసి రండి.

అసలు ఖర్చు టైమింగ్ బెల్ట్, అంటే పిస్టన్లూ వాల్వులూ ఒకదానికొకటి తగలకుండా లయలో నడిపే పట్టీ. ఈ ఇంజన్‌కి చెయిన్ ఉండదు, సుమారు 1,00,000 మైళ్ల దగ్గర బెల్ట్ మార్చాలి, దాంతోపాటే వాటర్ పంపు, బెల్ట్‌ని బిగువుగా ఉంచే టెన్షనరు. బెల్ట్ తెగితే పిస్టన్లు వాల్వులకి తగిలి ఇంజన్ పోతుంది. బయట మెకానిక్ దగ్గరైనా వెయ్యి డాలర్లు దాటుతుంది. అందుకే 95,000 మైళ్ల రిడ్జ్‌లైన్ అమ్మకానికి వచ్చిందంటే ఎందుకొచ్చిందో అర్థం చేసుకోండి. ఆ వెయ్యి ధరలోంచి తగ్గించమని అడగండి. బెల్ట్ మార్చాననేవాళ్లు రసీదు చూపించాలి. మాటల్లో మారిన బెల్టులు చాలా ఉన్నాయి. వెనక డిఫరెన్షియల్ ఆయిల్ సమయానికి మార్చకపోతే ఖాళీ పార్కింగ్‌లో స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా నడిపినప్పుడు వెనక నుంచి గరగర వినిపిస్తుంది. ఆయిల్ మారిస్తే చాలాసార్లు పోతుంది.

దీనికి లో రేంజ్ గేరు (నెమ్మదిగా, ఎక్కువ బలంతో నడిపించేది) లేదు. రాళ్లదారుల్లో, లోతైన బురదలో తిరిగేవాళ్లు దీన్ని కొనకూడదు.

కొలరాడో: ఆ వణుకు దొరికేదాకా నడపండి

2015–2022 కొలరాడో రోజువారీ వాడకానికి బాగా సరిపోయే కొలతల్లో ఉంటుంది. 3.6 లీటర్ల వీ6, 300 పైన హార్స్‌పవర్, 7,000 పౌండ్లు లాగుతుంది. ఇంజన్‌తో గొడవ తక్కువ. గొడవంతా 2017లో వీ6తో కలిపిన 8 గేర్ల ఆటోమేటిక్‌ది.

30 నుంచి 60 మైళ్ల మధ్య వేగంలో, యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా ఆనించి ఉంచినప్పుడు, హైవే అంచు గాట్ల మీద టైరు ఎక్కినట్టు ఒకటి రెండు సెకన్లు వణుకుతుంది. టార్క్ కన్వర్టర్ (ఇంజన్ బలాన్ని గేర్‌బాక్స్‌కి అందించే భాగం) లోపలి క్లచ్ పట్టీ పట్టనట్టు జారడం వల్ల ఇది వస్తుంది. ఫ్యాక్టరీలో పోసిన ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుని ఆ క్లచ్ పట్టును పాడుచేస్తోందని తేలింది. కంపెనీ చెప్పిన మందు, పాత ఆయిల్‌ను మెషీన్‌తో పూర్తిగా కడిగేసి మొబిల్ 1 సింథటిక్ ఎల్‌వీ హెచ్‌పీ ఆయిల్ నింపడం. త్వరగా చేయిస్తే తగ్గుతుంది. వణుకుతూనే వేల మైళ్లు నడిపిన బండికి కన్వర్టరే మార్చాల్సి రావచ్చు.

టెస్ట్ డ్రైవ్‌లో దీన్ని పట్టుకోవాలంటే ఇంజన్, గేర్‌బాక్స్ పూర్తిగా వేడెక్కాలి. అమ్మేవాళ్లు చూపించే ఐదు నిమిషాల చుట్టు సరిపోదు. ఇరవై నిమిషాలు నడిపాక, 45 మైళ్ల దగ్గర క్రూయిజ్ పెట్టి చిన్న ఎత్తు ఎక్కించండి. కప్ హోల్డర్‌లో నీళ్ల సీసా పెట్టి ఆ నీళ్లను గమనిస్తే చేతికి తెలియని వణుకు కూడా కనిపిస్తుంది. ఈ తలనొప్పే వద్దంటే 2015, 2016 వీ6 తీసుకోండి, వాటికి 6 గేర్ల పాత పెట్టె. లేదా ఆయిల్ మార్చిన రసీదున్న చివరి సంవత్సరాల బండి.

2.8 లీటర్ల డీజిల్ కొలరాడో హైవే మైలేజీ చూసి ఆశపడతారు. ఇంటి నుంచి ఆఫీసు ఐదు మైళ్లే అయితే దాని జోలికి పోవద్దు. పొగలోని మసిని పట్టే ఫిల్టరు శుభ్రమవ్వాలంటే బండి హైవే మీద ఇరవై ముప్పై నిమిషాలు ఆగకుండా వేడిగా నడవాలి. చిన్న ట్రిప్పుల్లో ఆ పని సగంలో ఆగిపోతూ ఫిల్టరు మూసుకుపోతుంది, దాన్ని మార్చడమంటే వేలల్లో మాట. రోజూ 40 మైళ్లు హైవే నడిపి, ట్రైలర్ కూడా లాగేవాళ్లకే డీజిల్ లాభం. దానికీ 1,50,000 మైళ్ల దగ్గర టైమింగ్ బెల్ట్ ఉంది.

ఇంకో లోటు. ఈ తరం కొలరాడోలో ఎదురుగా వస్తువుంటే హెచ్చరిక కూత వేస్తుంది, అదీ కొన్ని ట్రిమ్ముల్లోనే, తనంతట తను బ్రేకు వేయదు. కొత్తగా లైసెన్సు తీసుకున్న పిల్లలు నడిపే బండి అయితే ఇది చిన్న విషయమేమీ కాదు.

ఫ్రాంటియర్, రేంజర్

ఫ్రాంటియర్ 2005 నుంచి 2021 దాకా పెద్దగా మారలేదు. పాత 4.0 లీటర్ల వీ6 ఫోర్ వీల్ డ్రైవ్‌కి మైలేజీ సగటున గ్యాలన్‌కి 17 మైళ్ల దగ్గరే. 2005–2010 బండ్లలో రేడియేటర్ లోపలే ఉండే గేర్ ఆయిల్ కూలర్ పగిలి, కూలెంట్ గేర్‌బాక్స్‌లోకి పోతుంది. రెండూ కలిసి గులాబీ రంగు నురగ అవుతాయి, దాన్ని మెకానిక్‌లు స్ట్రాబెర్రీ మిల్క్‌షేక్ అంటారు. అది కనిపించిందంటే గేర్‌బాక్స్ పోయినట్టే. ఆ సంవత్సరాల బండి కొనాలంటే రేడియేటర్ మార్చిన రసీదు ఉండాలి, లేకపోతే కొన్న వారంలోనే కొత్త రేడియేటర్ వేయించాలి. అదే ఇంజన్‌లో టైమింగ్ చెయిన్ టెన్షనర్ అరిగితే ఆర్‌పీఎంతో పాటు పెరిగే సన్నని ఈల వినిపిస్తుంది.

ఈ ఐదింటిలో జనం పట్టించుకోని మంచి బేరం 2020, 2021 ఫ్రాంటియర్. పాత శరీరంలో కొత్త 3.8 లీటర్ల వీ6, 310 హార్స్‌పవర్, 9 గేర్లు. చూడ్డానికి పాతగా ఉందని ధర దిగుతుంది. స్టీరింగ్ బరువు, ముందుకి వెనక్కి జరగదు, ఆటోమేటిక్ బ్రేకింగ్ లేదు. ఇండియన్ స్టోర్ ముందు ఇరుకు పార్కింగ్‌లో తిప్పడం చేతులకి వ్యాయామమే. ఇవి భరించగలిగితే తక్కువ డబ్బుకి తక్కువ మైళ్ల బండి వస్తుంది. 2022లో శరీరం మారింది, ఆటోమేటిక్ బ్రేకింగ్ వచ్చింది, ధరా ఎక్కింది.

2019–2023 రేంజర్‌లో 2.3 లీటర్ల టర్బో, 270 హార్స్‌పవర్, 10 గేర్లు. తక్కువ ఆర్‌పీఎంలోనే లాగుతుంది, 7,500 పౌండ్ల దాకా. డీజిల్ కొలరాడోని పక్కన పెడితే మైలేజీలో మిగతా నాలుగింటికంటే మెరుగు, ఆటోమేటిక్ బ్రేకింగ్ అన్నిటిలో ఉంది. చూడాల్సింది గేర్‌బాక్స్. చల్లగా ఉన్నప్పుడు 3, 4, 5 గేర్ల మధ్య గట్టిగా కుదిపినా, ఆగబోతున్నప్పుడు వెనక నుంచి తోసినట్టనిపించినా కొనొద్దు. టర్బో కాబట్టి ఆయిల్ మార్పుల చరిత్ర దీనికి మిగతావాటికంటే ముఖ్యం. రసీదుల మధ్య 10,000 మైళ్ల దూరం కనిపిస్తే బేరం ఆపేయండి.

మైలేజీ మీద అంత తర్జనభర్జన అక్కర్లేదు

ఏడాదికి 12,000 మైళ్లు నడిపితే సగటు 17 ఇచ్చే బండికి 706 గ్యాలన్లు, 20 ఇచ్చేదానికి 600, 22 ఇచ్చేదానికి 545. ఫోర్ వీల్ డ్రైవ్ టకోమా 20, ఆల్ వీల్ డ్రైవ్ రిడ్జ్‌లైన్ 21, ఫోర్ వీల్ డ్రైవ్ రేంజర్ 22 అని ప్రభుత్వ రేటింగ్. గ్యాలన్ 3.25 డాలర్లనుకుంటే టకోమాకీ రేంజర్‌కీ తేడా ఏడాదికి 180 డాలర్ల లోపే. రేంజర్‌ని పాత ఫ్రాంటియర్‌తో పోలిస్తే 500 దాటుతుంది, అది లెక్కలోకి తీసుకోదగ్గది. ఏడాదికి రెండుసార్లు మల్చ్ తేవడం తప్ప వేరే పనేమీ లేదంటే ఈ సైజు కూడా ఎక్కువే. 2022 తర్వాతి ఫోర్డ్ మావెరిక్ హైబ్రిడ్ సగటున 37 ఇస్తుంది, 324 గ్యాలన్లతో ఏడాది గడిచిపోతుంది.

ఎత్తు పెంచి, పెద్ద టైర్లు వేసిన బండి ఫొటోలో బాగుంటుంది. రోజూ నడిపేదానికి అది నష్టం. ముందు యాక్సిల్ కీళ్ల మీద వంపు పెరిగి వాటి రబ్బరు తొడుగులు చిరుగుతాయి, మైలేజీ పడిపోతుంది. 31.6 అంగుళాల టైరు తీసి 33 వేస్తే స్పీడోమీటర్‌తో పాటు ఓడోమీటర్ కూడా 4 శాతానికి పైగా తక్కువ చూపిస్తుంది. 1,00,000 అని చూపిస్తుంటే అసలు 1,04,000 దాటి ఉండొచ్చు.

టూ వీల్ డ్రైవా ఫోర్ వీల్ డ్రైవా అన్నది మీ ఊరిని బట్టి. టెక్సస్, ఫ్లోరిడా, దక్షిణ కాలిఫోర్నియాల్లో టూ వీల్ చాలు, ధరా బరువూ తగ్గుతాయి. మంచుపడే ఊళ్లలో టూ వీల్ ట్రక్కు ఖాళీ బెడ్‌తో వెనక చక్రాలు జారుతుంది. 60 పౌండ్ల ఇసుక సంచులు నాలుగు వెనక యాక్సిల్ పైన పెట్టి కట్టేస్తే కొంత పట్టు వస్తుంది. టకోమా, రేంజర్ లాంటివాటిలో ఫోర్ వీల్‌ను పొడి రోడ్డు మీద వేయకూడదు, మలుపుల్లో గేర్లు బిగుసుకుంటాయి. కాసేపు మంచు, కాసేపు పొడి ఉండే న్యూజెర్సీ రోడ్ల మీద రిడ్జ్‌లైన్ తనంతట తనే చూసుకుంటుంది. ఇంకో జాగ్రత్త. టకోమాలో ప్రీరన్నర్ అని రాసి ఉంటే అది ఎత్తుగా, ఫోర్ వీల్‌లా కనిపించే టూ వీల్ బండి.

బండి దగ్గర

మీరు వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని అమ్మేవాళ్లకి ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చేయి పెట్టండి, వెచ్చగా ఉంటే ఏదో దాస్తున్నారని అనుమానించొచ్చు. చల్లటి ఇంజన్ మొదటి పది సెకన్లలో చేసే చప్పుడే అసలు సంగతి చెబుతుంది.

పాతిక డాలర్ల ఓబీడీ రీడర్ (బండి కంప్యూటర్‌ని చదివే చిన్న పరికరం) తగిలించి లోపాల కోడ్లే కాదు, రెడీనెస్ మానిటర్లు (బండి తనను తాను చేసుకునే పరీక్షలు) కూడా చూడండి. చాలావరకు పూర్తికాలేదని చూపిస్తే నిన్ననో మొన్ననో కోడ్లు చెరిపారన్నమాట. టైరు పక్కన డాట్ (DOT) అని మొదలయ్యే సంఖ్య చివరి నాలుగంకెలు చూడండి. 2321 అంటే 2021లో 23వ వారం. ఆరేళ్లు దాటిన టైర్లకి అరుగుదల లేకపోయినా మార్చే ఖర్చు ధరలో తగ్గించాలి. టకోమా, రిడ్జ్‌లైన్ బెడ్లు ప్లాస్టిక్ మిశ్రమంతో చేసినవి, తుప్పుపట్టవు. మిగతా మూడింటివి ఉక్కువి, కాబట్టి లోపల పరిచిన ప్లాస్టిక్ లైనర్ మూల ఎత్తి కింద చూడండి. వెనక ట్రైలర్ తగిలించే బంతిని దూర్చే గొట్టం లోపలి అంచులు మెరిసేలా అరిగి ఉంటే ఎప్పుడూ లాగలేదన్న మాట నమ్మకండి.

ఫోర్ వీల్ ఉంటే కంకర మీదో గడ్డి మీదో హై వేసి పది అడుగులు, న్యూట్రల్‌లో ఆపి లో వేసి పది అడుగులు నడపండి. సంవత్సరాల తరబడి వాడని ఫోర్ వీల్ మోటార్లు పట్టేసి ఉంటాయి, లైటు మిణుకుతూనే ఉంటుంది. తర్వాత హైవే మీద 70 మైళ్లకి తీసుకెళ్లండి. సీటు కింద సన్నగా కంపిస్తే డ్రైవ్‌షాఫ్ట్, స్టీరింగ్‌లో కంపిస్తే ముందు టైర్లు.

విన్ నంబరుతో (బండి గుర్తింపు సంఖ్యతో) ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైటులో పెండింగ్ రీకాళ్లు ఉచితంగా చూడొచ్చు. బండి చరిత్ర చెప్పే కార్‌ఫ్యాక్స్ రిపోర్టులో ప్రమాదాలకంటే ముందు బండి ఏ రాష్ట్రాల్లో రిజిస్టరైందో చదవండి. ఇవాళ టెక్సస్‌లో అమ్ముతున్న ట్రక్కు ఏడు చలికాలాలు ఒహాయోలో గడిపి ఉండొచ్చు. ఇంత చూశాక కూడా తెలిసినవాళ్ల మెకానిక్ దగ్గర 150 నుంచి 250 డాలర్లిచ్చి లిఫ్ట్ మీద చూపించండి. దానికి ఒప్పుకోని అమ్మేవాడితో ఇక మాటలొద్దు.

టెక్సస్‌లో బండి పన్ను 6.25 శాతం. ప్రైవేటు వ్యక్తి దగ్గర చవగ్గా కొన్నా, రాష్ట్రం కట్టిన విలువలో 80 శాతం కంటే తక్కువ ధర మీద పన్ను లెక్కించరు. 2025 నుంచి అక్కడ ఏటా భద్రతా తనిఖీ ఎత్తేశారు, కానీ డాలస్, కాలిన్, డెంటన్, హారిస్, ట్రావిస్ లాంటి కౌంటీల్లో పొగ పరీక్ష ఉంది. కాలిఫోర్నియాలో పికప్‌కి సొంత వాడకమైనా వాణిజ్య నంబరు ప్లేటు ఇస్తారు, బరువును బట్టి ఏటా అదనపు రుసుము పడుతుంది. కొన్ని కాలనీల హెచ్‌ఓఏలు (ఇళ్ల యజమానుల సంఘాలు) డ్రైవ్‌వేలో రాత్రిపూట ట్రక్కులు పెట్టనివ్వవు, ఆ కాగితం ముందే చదవండి.

ఎవరికి ఏది

పిల్లలు, పెద్దవాళ్లు, ఆఫీసు, అప్పుడప్పుడు ఇంటి పనులు ఉన్న కుటుంబానికి 2020 తర్వాతి రిడ్జ్‌లైన్. ఇందులో మాకు పెద్దగా సందేహం లేదు. పదేళ్లు దాటి ఉంచుకుంటాం, కొండదారులు తిరుగుతాం అనేవాళ్లకి 2020–2023 టకోమా, దక్షిణాది రాష్ట్రంలో తిరిగినదైతే. పడవో ట్రైలరో నెలకోసారైనా లాగేవాళ్లు రేంజర్, లేకపోతే వణుకులేని వీ6 కొలరాడో. బడ్జెట్ బిగువుగా ఉంటే 2020–2021 ఫ్రాంటియర్. ఒక్కమాట, వీటన్నిటికంటే పైది బండి పరిస్థితి. రసీదులన్నీ ఉన్న, తుప్పులేని ఫ్రాంటియర్ దొరికితే, చరిత్ర తెలియని టకోమాకి నాలుగు వేలు ఎక్కువ పెట్టనక్కర్లేదు.

కొన్న మొదటి వారంలో గేర్ ఆయిల్, డిఫరెన్షియల్ ఆయిల్, ఫోర్ వీల్ అయితే ముందు వెనక డిఫరెన్షియళ్లు రెండింటి ఆయిల్, ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక చక్రాలకి బలం పంచే పెట్టె) ఆయిల్ మార్పించండి. పాత ఓనరు మార్చానన్నా సరే. కిందికి దింపే స్పేర్ టైరు ఉన్న బండ్లలో దాన్ని ఒకసారి పూర్తిగా దింపి, గొలుసుకి నూనె పట్టించి మళ్లీ ఎక్కించండి, ఉప్పు ఊళ్ల బండ్లలో అది బిగుసుకుపోతుంది. చక్రాల నట్లలో ఒకటి వేరే ఆకారంలో ఉంటే అది లాక్ నట్. దాని తాళం గ్లవ్ బాక్సులోనో జాకీ పక్కనో ఉందేమో చూడండి, లేకపోతే డబ్బులు చేతికిచ్చేముందే పాత ఓనర్ని అడగండి.